చెయ్యి తడబడే చోటు దగ్గర ఆగండి: మోజార్ట్ సొనాటాలో నాలుగు బార్లు నిదానంగా సాధన చేయడం ఎలా

"మేస్టారూ, ఇంట్లో బాగానే వచ్చిందండి. ఇక్కడికొచ్చాకే రావట్లేదు."

పియానో నేర్పేవాళ్ళెవరైనా ఈ మాట తరచూ వింటారు. విజయనగరంలో మా ఇంటి ముందు గదిలో నేనూ వింటూనే ఉంటాను. పిల్లలు అబద్ధం చెప్పరు. ఇంట్లో పదిసార్లు వాయిస్తే ఒకటో రెండో సార్లు నిజంగానే బాగా వచ్చి ఉంటుంది. మనసు ఆ రెండింటినీ గుర్తుపెట్టుకుంటుంది. వేళ్ళు మాత్రం మిగతా ఎనిమిదింటినీ గుర్తుపెట్టుకుంటాయి. వేళ్ళకు ఏది తప్పో ఏది ఒప్పో తెలీదు. ఏది ఎక్కువసార్లు చేస్తే అదే వాటికి అలవాటు. అందుకే కష్టమైన చోటు వచ్చినప్పుడు ఎన్నిసార్లు వాయించారన్నది కాకుండా, ఎన్నిసార్లు తప్పు లేకుండా వాయించారన్నది లెక్కలోకి తీసుకోవాలి. తప్పు లేకుండా వాయించాలంటే మొదట్లో నిదానం తప్ప వేరే దారి లేదు.

నిదానంగా వాయించమని అందరూ చెప్తారు. ఎంత నిదానంగా, ఏం చూసుకుంటూ, ఎప్పుడు వేగం పెంచాలి అన్నది చెప్పేవాళ్ళు తక్కువ. అదే ఇక్కడ ఒక్క ఉదాహరణ పట్టుకుని చెప్తాను. మోజార్ట్ రాసిన సి మేజర్ సొనాటా (పియానో కోసం రాసిన ఒక రచన), ఆయన రచనలకు వరస సంఖ్యలిచ్చిన కోఖెల్ జాబితాలో 545వది. 1788 జూన్ 26 తేదీతో తన సొంత జాబితాలో రాసుకున్నాడు, "మొదలుపెట్టేవాళ్ళ కోసం" అని పక్కన చేర్చాడు. ఆయన 1791లో పోయాక, 1805లో గానీ అచ్చవలేదు. పియానో గ్రేడు పరీక్షలకు తయారయ్యే పిల్లలు చాలామంది ఎప్పుడో ఒకప్పుడు దీని దగ్గరకు వస్తారు. మొదటి నాలుగు బార్లు (నోట్సులో రెండు నిలువు గీతల మధ్య భాగమే బార్) ఎవరికైనా వచ్చేస్తాయి. 5వ బార్ నుంచి 8వ బార్ దాకా కుడి చెయ్యి పరుగెత్తాలి. అక్కడే అందరూ పడతారు.

ముందు చోటు పట్టుకోండి

మొదటి రోజు సాధన మొదలుపెట్టకండి. పెన్సిలు తీసుకోండి. నోట్సు ముందు పెట్టుకుని, మీరు మామూలుగా వాయించే వేగంలో ఒక్కసారి మొత్తం వాయించి, చెయ్యి తడబడిన ప్రతి చోటా చిన్న గీత పెట్టండి. రెండోసారి కూడా అంతే. రెండుసార్లూ ఒకే చోట గీత పడితే అదీ మీ చోటు. ఒక్కసారే పడిన గీతల్ని ఇప్పటికి వదిలేయండి.

ఆ చోటు ఎంత చిన్నదైతే అంత మంచిది. "ఈ పేజీ కష్టంగా ఉంది" అనేవాళ్ళకు నేను సాయం చేయలేను. "ఈ బార్‌లో నాలుగో స్వరం నుంచి ఐదో స్వరానికి వెళ్ళేటప్పుడు" అంటే పని సగం అయిపోయినట్టే.

వాయిద్యం గురించి ఒక మాట. 61 మెట్ల కీబోర్డు మీద కూడా ఈ నాలుగు బార్ల సాధన చేయొచ్చు. (హార్మోనియం అలవాటుతో వీటిని మెట్లనే అంటాను.) కానీ ఆ మెట్లకు బరువుండదు, తాకితే చాలు పలుకుతాయి. అసలు పియానోలో మెట్టు కిందికి దిగాలంటే దాదాపు 50 గ్రాముల బరువు పడాలి, దాదాపు 10 మిల్లీమీటర్ల లోతు దిగాలి. పరీక్షలో బరువైన మెట్లుంటే, తేలిక కీబోర్డు మీద సాధన చేసిన చెయ్యి మొదటి నిమిషంలోనే అలిసిపోతుంది. కుదిరితే 88 బరువు మెట్ల డిజిటల్ పియానో కొనుక్కోండి. కుదరకపోతే ప్రతి మెట్టునూ పూర్తిగా అడుగుదాకా నొక్కే అలవాటైనా చేసుకోండి. కుర్చీ ఎత్తు మోచెయ్యి మెట్ల మట్టానికి వచ్చేలా ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ కిందికి ఉంటే దాని మీద గట్టి దిండు వేసుకోండి. మంచం మీద కీబోర్డు పెట్టి కింద కూర్చుని వాయించడం మాత్రం వద్దు.

వాయించే ముందు పాడండి

ఈ దశ నాకు చాలా ఇష్టం. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఇది సహజంగా వస్తుంది కూడా. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాలయ్యారు. అప్పటినుంచి ఈ ఊళ్ళో ఏదో ఒక వీధిలో సరళీ స్వరాలు వినబడుతూనే ఉన్నాయి. నేనూ పియానోకు ముందు వయొలినే నేర్చుకున్నాను. చేతిలో కమాను పెట్టకముందే నోటితో స్వరం పలికించేవారు. నోట్లో లేనిది చేతిలోకి ఎలా వస్తుంది అనేవారు మా గురువుగారు. పియానోకు కూడా ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.

సి ని షడ్జమం అనుకోండి. తెల్ల మెట్లన్నీ కలిపితే శంకరాభరణం. ఇప్పుడు 5వ బార్ చూడండి. ఎ నుంచి మొదలై పై ఎ దాకా వెళ్ళి మళ్ళీ కిందికి దిగుతుంది. మొదటి స్వరానికి రెండు అక్షరాల నిడివి (అక్షరం అంటే ఇక్కడ కాలపు కొలత), మిగతావాటికి ఒక్కొక్కటి:

ద , ని స రి గ మ ప ద ప మ గ రి స ని ద

తర్వాతి బార్ ఒక మెట్టు కింద, జి నుంచి:

ప , ద ని స రి గ మ ప మ గ రి స ని ద ప

ఆ తర్వాత ఎఫ్ నుంచి:

మ , ప ద ని స రి గ మ గ రి స ని ద ప మ

8వ బార్ ఇ నుంచి:

గ , మ ప ద ని స రి గ రి స ని ద ప మ గ

కర్ణాటక సంగీతం కొంచెం వచ్చినవాళ్ళకు ఇక్కడ కళ్ళు మెరుస్తాయి. ఇది గ్రహభేదం, అంటే స్వరాలు అవే ఉంచి షడ్జమాన్ని మార్చడం. శంకరాభరణంలో ధైవతాన్ని షడ్జమం చేస్తే నఠభైరవి, పంచమాన్ని చేస్తే హరికాంభోజి, మధ్యమాన్ని చేస్తే కళ్యాణి, గాంధారాన్ని చేస్తే తోడి. మోజార్ట్ వరసగా ఆ నాలుగు మెట్ల మీదా నిలబడి పైకెక్కి దిగుతాడు. ఆయన మనసులో రాగాలు లేవు, ఆయన సి మేజర్‌లోనే ఉన్నాడు, అది మరిచిపోకూడదు. కానీ మనకు నాలుగు బార్లకూ నాలుగు ముఖాలు కనిపిస్తే ఒకదానికొకటి కలిసిపోవు. "అన్నీ ఒకేలా ఉన్నాయి మేస్టారూ, ఎక్కడున్నానో తెలీట్లేదు" అనే పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. కర్ణాటకం రానివాళ్ళు మామూలుగా సరిగమలుగానే పాడుకోండి, చాలు.

ప్రతి బార్‌కూ 16 అక్షరాలు. మొదటి కాలంలో, అంటే దెబ్బకు ఒక అక్షరం చొప్పున, ఎనిమిది దెబ్బల ఆదితాళం రెండు ఆవర్తాలు. చేత్తో తాళం వేస్తూ మీ గొంతుకు అనువైన శ్రుతిలో పాడండి. నాలుగు బార్లూ పుస్తకం చూడకుండా పాడగలిగే దాకా మెట్ల మీద చెయ్యి పెట్టొద్దు. ఒక రోజు పట్టినా, మూడు రోజులు పట్టినా పర్వాలేదు. కరెంటు పోయిన సాయంత్రాలు దీనికి పనికొస్తాయి. డిజిటల్ పియానో మూగబోతుంది కానీ గొంతు మూగబోదు.

వేళ్ల వరుస రాసిపెట్టుకోండి

బొటనవేలు 1, చిటికెనవేలు 5. నేను పిల్లలకు చెప్పే వరుస ఇది. మీ గురువుగారు వేరేది చెప్పి ఉంటే అదే పాటించండి. ఏదో ఒకటి ఖాయం చేసి, రాసిపెట్టి, ఇక మార్చకండి.

పైకి వెళ్ళేటప్పుడు: 1 2 3 1 2 3 4 5
దిగేటప్పుడు: 4 3 2 1 4 3 2, ఆ వెంటనే తర్వాతి బార్ మొదటి స్వరం 1.

నాలుగు బార్లకూ ఇదే వరుస సరిపోతుంది, ఎందుకంటే అన్నీ తెల్ల మెట్లే. పైకి వెళ్ళేటప్పుడు మూడో వేలి కింద నుంచి బొటనవేలు దూరుతుంది. దిగేటప్పుడు బొటనవేలి మీదుగా నాలుగో వేలు దాటుతుంది. మూడో వేలు కాదు, నాలుగోది. ఈ తేడా దగ్గరే ఒక సంగతి చెప్పాలి.

కంటోన్మెంట్ వైపు నుంచి మా దగ్గరకు ఒక అమ్మాయి వచ్చేది. 5వ బార్ చక్కగా వాయించేది. 6వ బార్ మొదటి స్వరం, ఆ జి, ప్రతిసారీ కాస్త ఆలస్యంగా, పీలగా పలికేది. ఆ జి నే పట్టుకుని వారం రోజులు కుస్తీ పడింది. గట్టిగా కొట్టి చూసింది, ముందుగా కొట్టి చూసింది. నాకూ మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు, "అమ్మా, ఒక్కో స్వరం వాయించి శిలలా ఆగిపో. నేను చూసి సరే అంటేనే తర్వాతి స్వరం" అన్నాను. ద దగ్గర ఆగింది, ని దగ్గర ఆగింది. పైకెళ్ళింది, దిగింది. రి మీద బొటనవేలు. తర్వాత స. ఆగింది. స మీద మూడో వేలుంది.

మూడో వేలు స మీద పడితే రెండోది ని మీద, బొటనవేలు ద మీద పడిపోతుంది. ఇక కింద పంచమానికి వేలే మిగలదు. ద మీదున్న బొటనవేలే ఎగిరి ప మీదకు దూకాలి. అందుకే ఆలస్యం, అందుకే పీల. నాలుగో వేలు స మీద పడితే మూడు ని, రెండు ద, బొటనవేలు ప, అంతా సాఫీగా జరిగిపోతుంది. తప్పు వినబడింది 6వ బార్ మొదట్లో. తప్పు పుట్టింది దానికి మూడు స్వరాల ముందు. మామూలు వేగంలో వాయిస్తే ఆ మూడు స్వరాలు సెకనులో సగం కన్నా తక్కువ సమయంలో వెళ్ళిపోతాయి. చెవికి దొరకవు, కంటికీ దొరకవు. నిదానంగా వాయిస్తేనే పుట్టిన చోటు దొరుకుతుంది. నేను నిదానాన్ని ఇంతగా నమ్మడానికి కారణం ఇదే.

కాబట్టి మీకు ఎక్కడ తప్పు వినిపిస్తే అక్కడి నుంచి నాలుగైదు స్వరాలు వెనక్కి వెళ్ళి వేళ్ళను చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

నిదానం అంటే ఎంత?

ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు వినిపించేది) యాప్ పెట్టుకోండి. నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచండి. దెబ్బకు ఒక అక్షరం. మొదటి స్వరానికి రెండు దెబ్బలు, మిగతావాటికి ఒక్కొక్కటి. ఒక బార్‌కు 16 సెకన్లు పడుతుంది. ఇది మరీ నత్తనడక అనిపిస్తుంది. అనిపించాలి.

ఇది సరైన నిదానమో కాదో తెలుసుకోవడానికి నాకు ఒకటే పరీక్ష. ఈ స్వరం మోగుతుండగానే, తర్వాత ఏ స్వరం, ఏ వేలు అన్నది మీ మనసులో ముందే వచ్చేసిందా? వచ్చేస్తే వేగం సరిపోయింది. వేలు వెళ్ళాక "హమ్మయ్య, సరిగ్గానే పడింది" అనిపిస్తే అది అదృష్టం, సాధన కాదు. మెట్రోనోమ్ 50కి తగ్గించండి. 40కి తగ్గించినా తప్పులేదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. నిదానంగా వాయిస్తున్నాం కదా అని చెయ్యి బద్ధకంగా కదలకూడదు. స్వరానికీ స్వరానికీ మధ్య కాలం ఎక్కువ, అంతే. కదలిక మాత్రం వేగంగా వాయించేటప్పుడు ఉండేంత చిన్నదిగా, చురుగ్గా ఉండాలి. వేళ్ళను గాల్లోకి పైకెత్తి సమ్మెటలా దించేవాళ్ళను చూస్తుంటాను. 60 దగ్గర అది కుదురుతుంది. 120 దగ్గర కుదరదు. అప్పుడు చేతికి కొత్త కదలిక మళ్ళీ మొదటినుంచి నేర్పాల్సి వస్తుంది. కాబట్టి వేళ్ళు మెట్లను అంటిపెట్టుకునే ఉండనివ్వండి. బొటనవేలి సంగతి మరీ ముఖ్యం. రెండో వేలు ని వాయించగానే బొటనవేలు నెమ్మదిగా అరచేతి కిందికి బయలుదేరాలి. మూడో వేలు స వాయించే సరికి అది రి మెట్టు పక్కకు చేరి సిద్ధంగా ఉండాలి. రి వాయించాల్సిన క్షణం దాకా ఆగి, అప్పుడు మోచెయ్యి బయటికి విసిరి బొటనవేలిని తోస్తే, స్వరాల్లో రి ఒక్కటీ బొబ్బలా పైకి లేస్తుంది.

మధ్యలో ఒక్కసారి భుజాలు చూసుకోండి. చెవుల దగ్గరకు లేచి ఉంటే ఊపిరి వదిలి దించండి. మణికట్టు నొప్పి పుడితే ఆ పూటకు ఆపేయాలి. ఓర్చుకుని వాయించడం నేను ఎవరికీ చెప్పను.

అతుకు నుంచి వెనక్కి

చిన్నప్పుడు ఒక చిన్న సభలో ఇదే సొనాటా వాయించాను. 7వ బార్‌లో చెయ్యి ఆగిపోయింది. మొదటికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే. మూడోసారీ అక్కడే. మా అమ్మ మొదటి వరసలో కూర్చుని ఉంది, ఆమె ముఖం ఇప్పటికీ నాకు గుర్తుంది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే తెలిసింది, నేను ఎప్పుడూ మొదటినుంచే సాధన చేశాను. మొదటి బార్ వందలసార్లు వాయించాను, 7వ బార్ పదుల్లో వాయించాను. ఎక్కడ బలం కావాలో అక్కడ బలం లేదు.

అందుకని వెనక నుంచి కట్టుకుంటూ రండి. ముందు అతుకు మాత్రమే: 5వ బార్ చివర రి స ని ద, తర్వాత 6వ బార్ ప. ఐదు స్వరాలు, 1 4 3 2 1. ఇది ఐదుసార్లు తప్పు లేకుండా రావాలి. తర్వాత ముందు ఒక స్వరం కలపండి: గ రి స ని ద ప. తర్వాత మ గ రి స ని ద ప. ఇలా ఒక్కో స్వరం ముందుకు చేర్చుకుంటూ 5వ బార్ మొదటికి వెళ్ళండి. ఇందులో సుఖం ఏమిటంటే, ప్రతిసారీ తెలియని చోటు నుంచి తెలిసిన చోటుకు వెళ్తుంటారు. చెయ్యి ధైర్యంగా ముగుస్తుంది. మొదటినుంచి వాయిస్తే తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకు వెళ్తూ భయంతో ముగుస్తుంది.

నాలుగు బార్లకు మధ్యలో మూడు అతుకులున్నాయి. మూడూ విడివిడిగా చేయండి. 8వ బార్ నుంచి 9వ బార్‌కు వెళ్ళే అతుకు కూడా మరిచిపోవద్దు. 9వ బార్‌లో సి షార్ప్ వస్తుంది, అక్కడ నల్ల మెట్టు ఉంది కాబట్టి ఈ వేళ్ల వరుస మారుతుంది. దాని సాధన వేరే రోజు పెట్టుకోండి.

తప్పు వచ్చినప్పుడు

ఆగండి. చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి. మనకందరికీ ఉన్న అలవాటు ఏమిటంటే, తప్పు స్వరం పడగానే గబుక్కున దాని పక్కన సరైన స్వరం కొట్టి ముందుకు పోతాం. అప్పుడు వేళ్ళు నేర్చుకునేది ఏమిటి? ముందు తప్పు, దాని వెంట ఒప్పు. రెండూ కలిపి ఒక జతలా అతుక్కుపోతాయి. సభలో కూడా అవి జతగానే వస్తాయి.

ఆగాక మనసులో అడగండి: ఏ స్వరం? ఏ వేలు? ఎందుకు? జవాబు దొరికాక, తప్పు చోటుకు రెండు స్వరాల ముందు నుంచి మొదలుపెట్టి, రెండు స్వరాల తర్వాత ఆపండి. మెట్రోనోమ్ 10 తగ్గించండి. మూడుసార్లు సరిగ్గా వచ్చాకే మళ్ళీ ముందు వేగానికి.

లెక్కకు మా ఇంట్లో చింతపిక్కలు వాడతాం. పియానో ఎడమ పక్క ఐదు పిక్కలు. తప్పు లేకుండా ఒకసారి వాయిస్తే ఒకటి కుడి పక్కకు. తప్పు వస్తే ఒకటి వెనక్కి. కొందరు తప్పొస్తే ఐదూ వెనక్కి పెట్టమంటారు. నేను ఒప్పుకోను. నాలుగు పిక్కలు దాటాక ఐదోసారి పిల్లల చేతులు వణకడం నేను చూశాను. భయంతో వాయించిన స్వరం కూడా వేళ్ళకు అలవాటవుతుంది. ఒకటి వెనక్కి పెట్టడం చాలు.

వేగం పెంచడం

సరళీ స్వరాలు మూడు కాలాల్లో నేర్చుకున్నవాళ్ళకు మొదటి మూడు అంచెలు తెలిసినవే. మెట్రోనోమ్ 60 మీదే ఉంచి, దెబ్బకు ఒక అక్షరం బాగా వచ్చాక, దెబ్బకు రెండు. ఇప్పుడు బార్ ఆదితాళం ఒక ఆవర్తంలో ఒదుగుతుంది. అదీ వచ్చాక దెబ్బకు నాలుగు. అంటే సెకనుకు నాలుగు అక్షరాలు. ఒక కాలం నుంచి ఇంకో కాలానికి వెళ్ళడం రెట్టింపు, అది పెద్ద దూకుడు. ఒక్క రోజులో మూడు కాలాలూ పట్టేయాలని చూడకండి. రెండో కాలానికి కనీసం రెండు రోజులు ఇవ్వండి. 60 మీద రెండు కుదరకపోతే మెట్రోనోమ్ 44కు దించి రెండు వాయించండి.

మూడో కాలం 60 మీద స్థిరపడ్డాక ఇక రెట్టింపులు వద్దు. 64, 68, 72, ఇలా నాలుగేసి చొప్పున. విద్యార్థులకు 120 దాకా వస్తే మంచి వేగమే, సెకనుకు ఎనిమిది అక్షరాలు. 60 నుంచి అక్కడికి 15 మెట్లు. రోజుకు రెండు మూడు మెట్లు ఎక్కితే చాలు. మరుసటి రోజు నిన్న ఆగిన చోటు నుంచి కాకుండా, ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టండి. నిన్న 84 వచ్చి ఈరోజు 76 కూడా రాకపోతే బాధపడకండి. నిన్నటిది ఇంకా చేతికి పట్టలేదు, అంతే. కొత్త కదలిక నిద్రలో కుదురుకుంటుంది. రాత్రి తడబడి వదిలేసింది పొద్దున లేచి వాయిస్తే సాఫీగా రావడం మీకూ అనుభవమయ్యే ఉంటుంది.

80, 90 దాటాక ఒక గోడ తగులుతుంది. అక్కడ ఎంత నిదానంగా సాధన చేసినా వేగం రాదు. నిదానాన్ని ఇంత నమ్మే నేనే ఈ మాట చెప్తున్నాను. ఆ వేగంలో చెయ్యి ఒక్కో స్వరాన్ని విడిగా ఆలోచించలేదు, గుంపుగా ఆలోచించాలి. అందుకని నాలుగు స్వరాల గుంపు తీసుకోండి, ఉదాహరణకు ని స రి గ. 120 వేగంలో ఒక్క విసురులో వాయించి గ మీద ఆగండి. ఊపిరి తీసుకోండి. తర్వాతి గుంపు గ మ ప ద, ద మీద ఆగండి. గుంపులో వేగం, గుంపుల మధ్య విశ్రాంతి. నాలుగు స్వరాలు వచ్చాక ఎనిమిది చేయండి. రోజూ ఐదు నిమిషాలు ఇది, ముందూ వెనకా నిదాన సాధన. ఈ రెండూ కలిస్తేనే గోడ దాటుతారు.

లయ మార్చి వాయించడం కూడా ఉంది: ఒక స్వరం పొడుగు, ఒకటి పొట్టి, తర్వాత తిరగేసి. స్వరాల బరువు సమానం కాకపోతే ఇది సాయం చేస్తుంది. రెండు మూడు రోజులు చేసి వదిలేయండి.

రెండు చేతులూ కలిపి

ఆదిభట్ల వారు రెండు చేతులు, రెండు కాళ్ళు, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసేవారని, పంచముఖీ పరమేశ్వరుడని పేరు తెచ్చుకున్నారని ఈ ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్తారు. మనకు కావలసింది రెండు చేతులే. ఎడమ చెయ్యి విడిగా ఒక పూట నేర్చుకోండి. కలిపేటప్పుడు మాత్రం గర్వం పనికిరాదు. కుడి చెయ్యి 100 దగ్గరున్నా, రెండూ కలిపితే మళ్ళీ 60 మీద రెండో కాలానికి దిగాలి. ఇక్కడ చాలామంది అలుగుతారు. రెండు రోజుల్లో తిరిగి పైకి వచ్చేస్తుంది, ఎందుకంటే కుడి చేతికి దారి తెలుసు.

ఏ పూట ఎంతసేపు

ఈ నాలుగు బార్లకు రోజుకు 20 నిమిషాలు చాలు. రెండు పూటలా పదేసి నిమిషాలైతే ఇంకా మంచిది. పొద్దున బడికి వెళ్ళే ముందు పది, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చాక పది. ఆదివారం రెండు గంటలు కూర్చుని వారమంతా వదిలేయడం వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో మా వీధిలో మైకుల మోతకు మెట్రోనోమ్ వినబడదు. అప్పుడు పిల్లల్ని బల్ల మీద వేళ్ళు ఆడించమంటాను, పెదాలతో స్వరాలు పలుకుతూ. మోత ఉంది కదా అని మానేసినవాళ్ళ వేళ్ళకన్నా వీళ్ళ వేళ్ళు తక్కువ దారి తప్పుతాయి.

వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని మరుసటి రోజు వినండి. వాయిస్తూ వినేది వేరు, ఊరకే కూర్చుని వినేది వేరు. ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి. పొద్దున లేచి, చేతులు వేడెక్కకుండా, మొదటి ప్రయత్నంలో 5వ బార్ నుంచి 9వ బార్ మొదటి స్వరం దాకా వాయించండి. ఒక్కసారే. అది ఎలా వస్తే మీకు అంతే వచ్చినట్టు. పరీక్ష గదిలో దొరికేది కూడా ఆ మొదటి ప్రయత్నమే. "ఇంట్లో బాగానే వచ్చింది" అనే మాటకు ఇదే మందు.

పరీక్షకు ముందు రాత్రి వేగంగా వాయించకండి. 60 మీద రెండో కాలంలో, స్వరాలు లోలోపల పాడుకుంటూ, రెండుసార్లు వాయించి మూత వేసేయండి.

పరీక్ష అయిపోయాక నోట్సులో పెన్సిలు గీతలు చెరపొద్దు. ఆరు నెలల తర్వాత మళ్ళీ ఈ సొనాటా తీస్తే, చెయ్యి తడబడేది ఆ గీతల దగ్గరే. స మీద నాలుగో వేలు అని రాసుకున్న ఆ చిన్న అంకె దగ్గర నుంచే మొదలుపెట్టండి.